పాత కారు, క్రొత్త ఇంజను – ఒక అభ్యంతరము

సంఘము వారు వెలువరించు సాంస్కృతిక సంచికయందు మోటారు ఇంజనును గూర్చి వ్యాసమేమిటని కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. కీర్తనలను గూర్చి, హరికథలను గూర్చి, పెండ్లి పాటలను గూర్చి, పండుగ వంటలను గూర్చి వ్రాయువారికి మనలో కొఱత లేదు. వారు వ్రాయవలసినదే, మనము చదువవలసినదే. కాని సంస్కృతి యనునది పాటలలోను వంటలలోను మాత్రమే కలదని మేము ఒప్పుకొనము. ఇంటనున్న పాత వస్తువును ఎట్లు చూచుకొందుమో, అది పాడైన దినమున దానికేమి చేయుదుమో, అదియు సంస్కృతియే. వీణమీది మైనము చెడి మెట్లు కదలినచో మరల మేళము కట్టింతుము గాని కుండను తీసి పారవేయము. కాసులపేరు త్రాడు తెగినచో క్రొత్త త్రాట గుచ్చింతుము. మఱి ముంగిట నిలిచిన అంబాసిడరు నీలిపొగ వదలుట మొదలిడినంతనే "ఈ ఇంజను పని అయిపోయినది, తీసివేసి వేఱొకటి వేయుడు" అను మాట ఎట్లు పుట్టుచున్నది? ఆ మాటను ఖండించుటయే ఈ వ్యాసము పని.

మన కుటుంబములలో పెక్కు రెండు మూడు తరములకు ముందే, కొన్ని అంతకు ఎంతో ముందే, ఈ పొరుగు సీమలలో స్థిరపడినవి. చెన్నపట్నము, బెంగుళూరు, బళ్లారి, బరంపురము, షోలాపురము, ముంబాయి – ఎక్కడ చూచినను మనవారు కలరు. వీరిలో కారు కొన్న ఇండ్లు కొన్నియే. కాని కొన్న యింట ఆ కారు ఇంటివారి దొక్కటే కాదు, వాడకెల్ల అదే కారు. పెండ్లికూతురు అత్తవారింటికి పోయినది అందులోనే. నొప్పులు పడు ఇల్లాలు ఆసుపత్రికి పోయినది అందులోనే. తిరుపతి మ్రొక్కు తీర్చుకొన్నది అందులోనే. అట్టి కారు నేటికిని కొన్ని ఇండ్ల ముంగిట నున్నది. తాత పేర కొన్న కారును మనుమడు ఏమి చేయవలెనన్న ప్రశ్న ఈ పదేండ్లలో ఇంటింట వినవచ్చుచున్నది.

ఆ కార్లు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది అంబాసిడరు. 1942లో స్థాపితమైన హిందూస్థాన్ మోటార్స్ వారు ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణిని అనుసరించి 1957లో దీనిని వెలువరించి, 2014 వఱకు ఉత్తరపాడా కర్మాగారమున చేసిరి. రెండవది ఫియట్ 1100. ముంబాయి ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారిది. తరువాత పద్మిని యను పేరు దాల్చినది. మూడవది స్టాండర్డ్ హెరాల్డు. 1961 నుండి మన చెన్నపట్నముననే తయారైన చిన్న కారు. ఈ మూడింటిలో ఏదియు నేడు కర్మాగారమునుండి వచ్చుట లేదు. కావున ఉన్నదానిని చెడగొట్టుకొన్నచో మరల తెచ్చుకొనుటకు వీలు లేదు. ఈ వ్యాసమునకు అంబాసిడరునే ఉదాహరణముగా గ్రహింతుము. చెప్పబోవు న్యాయము మిగిలిన రెంటికిని చాలవఱకు చెల్లును.

ఆ కారులో మొదట నున్న సైడు వాల్వు ఇంజనును 1959 ప్రాంతమున మార్చి, 1489 ఘన సెంటీమీటర్ల ఓవర్‌హెడ్ వాల్వు ఇంజనును అమర్చిరి. ఇది ఆంగ్లదేశపు బి.ఎం.సి. వారి బి శ్రేణి ఇంజను. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదాని బోరు 73 మిల్లీమీటర్లు, పిస్టను నడక 88.9 మిల్లీమీటర్లు. బ్లాకును హెడ్డును పోత ఇనుమే. క్రాంకు మూడు ముఖ్య బేరింగులపై తిరుగును. 1955లో ఎం.జి.ఏ. యను పేరొందిన పందెపు తరహా కారుకు పెట్టినదియు ఈ 1489 ఇంజనే యని మన పిల్లలలో ఎందఱు ఎఱుగుదురు? ముసలి టాక్సీల ఇంజనని చప్పరించువారు ఈ సంగతి తెలిసికొనవలెను. ఇది వేగమునకు పుట్టినది కాకపోవచ్చును గాని, మరల మరల విప్పి బాగుచేసికొనుటకై పుట్టినది. దళసరి పోత, సులువుగా విప్పదగిన భాగములు, వాడుకలోనున్న కొలతలు. దానిని చేసినవారు అది ఒకనాడు అరుగునని యెఱిగియే, అరిగిన పిదప ఏమి చేయవలెనో కూడ నిర్ణయించి చేసిరి.

ఇట్టి ఇంజనుకు మరణశాసనము వ్రాయువారు దానిని ఏ మాత్రము పరీక్షించుచున్నారో చూడుడు. కారు లోనికి వచ్చును; మేస్త్రీ ఒకమాఱు స్టార్టు చేయించును; సైలెన్సరు పొగను చూచును; తల యాడించును. అంతే విచారణ, అంతే తీర్పు! చిల్లర దొంగకైనను సాక్ష్యము విచారింపక శిక్ష వేయరు గదా!

విచారణ యెట్లుండవలెనో చెప్పుదుము. ప్రతి సిలిండరు ప్లగ్గును తీసి కంప్రెషను మీటరు పెట్టి అంకె వ్రాసికొనవలెను. నాలుగు అంకెలును దగ్గఱదగ్గఱగా నున్నవా, ఒకటి మాత్రమే పడిపోయినదా? పడిపోయిన సిలిండరులో చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల చూడవలెను. అంకె పెరిగినచో రింగులో బోరో అరిగినవి. పెరుగనిచో దోషము వాల్వులలోనో హెడ్డు గాస్కెట్టులోనో కలదు. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోయినచో వాని నడుమ గాస్కెట్టు కాలినదని మొదట అనుమానింపవలెను. రేడియేటరు మూత తీసి నీటిలో బుడగలు వచ్చుచున్నవేమో చూడవలెను. పొగ ఎప్పుడు వచ్చుచున్నది? నిలిపియుంచి కదలించినపుడు ఒక్క బుస్సున వచ్చి తగ్గినచో వాల్వు గైడులు. వేగము పెంచినంతసేపు విడువక వచ్చినచో రింగులు. ఆయిలు వత్తిడి ఇంజను చల్లగా నున్నపుడెంత, వేడెక్కిన పిదప ఎంత? అడుగున దబ్బుదబ్బున మ్రోత కలదా? ఇదంతయు ఒక పూట పని. ఈ ఒక పూట పని చేయకయే "ఇంజను పోయినది" అనువాని మాట వినుట ఎట్లు వివేకమగును?

ఇంకొక మాట. ఈ ఇంజనుకు క్రాంకు వెనుక భాగమున నేటి కార్లకున్నట్టి రబ్బరు సీలు లేదు. ఆయిలును వెనుకకు మరలించు మరచుట్టు వంటి ఏర్పాటు మాత్రమే కలదు. కావున కారు నిలిపిన చోట రెండు చుక్కలు పడుట దాని పుట్టుగుణము. ఆ చుక్కలను చూపి ఇంజను మార్పించినవారిని మేము ఎఱుగుదుము. ముసలివానికి చెమట పట్టినదని పాడె కట్టుట వంటిది ఇది.

సరే, పరీక్షలో బోర్లు అరిగినట్లే తేలినదనుకొందము. అప్పుడు మాత్రము ఇంజను చచ్చినదా? చావలేదు. సిలిండరును లేతు కార్ఖానాలో బోరు చేసి, హోనింగు పట్టించి, అందుకు తగిన పెద్ద పిస్టనులు వేయుదురు. ఆ పిస్టనులు అంగుళములో వెయ్యింట 10, 20, 30, 40 వంతుల హెచ్చు కొలతలలో వచ్చును. అన్నిటికంటె పెద్దదానికిని అసలుదానికిని భేదము ఒక్క మిల్లీమీటరు మాత్రమే. ఆ ఒక్క మిల్లీమీటరును మెట్టుమెట్టుగా వాడుకొన్నచో ఒక మనుష్యుని జీవితమంతయు గడచును. అదియు అయిపోయిన పిదప స్లీవులు దిగగొట్టి మరల మొదటి కొలతకు తేవచ్చును. క్రాంకును ఇట్లే సానపట్టి సన్నపు కొలత బేరింగులు వేయవచ్చును. వాల్వులు, గైడులు, టైమింగు చైను, ఆయిలు పంపు – ఇవన్నియు మార్చుకొనదగినవే. 1949లో చెన్నపట్నమున ఇండియా పిస్టన్స్ అను సంస్థ పుట్టినది ఇట్టి అవసరములకే గదా! ఈ దేశమున పిస్టనులు చేయుట నేర్చినది పాతవానిని పారవేయుటకు కాదు.

"బోరు చేయించితిమి, పిస్టనులు వేయించితిమి, ఆఱు నెలలు నిలువలేదు" అనువారు కలరు. వారి మాటను త్రోసిపుచ్చము గాని, ఆ పని యెట్లు జరిగినదో అడుగుదుము. బోరు అండాకారముగా అరిగియుండగా క్రొత్త రింగులు మాత్రము వేసి మూసినారా? పిస్టనులు మార్చి క్రాంకును ముట్టకుండ విడిచినారా? హెడ్డును చదును పట్టింపకయే గాస్కెట్టు వేసినారా? బ్లాకులోని నీటి దారులలో ముప్పది యేండ్ల తుప్పు గట్టిపడి యుండగా దానిని కడుగకయే బిగించినారా? బిగించిన దినముననే తొంబది కిలోమీటర్ల వేగమున తోలినారా? క్రొత్త రింగులు బోరుతో పొంది కుదురుటకు మొదటి వేయి కిలోమీటర్లు మెల్లగా, బరువు లేకుండ నడుపవలెను. ఆ పిదప ఆయిలు మార్చి హెడ్డు నట్లను మరల సరిచూడవలెను. పూర్వము క్రొత్త ఇంజను కారుల వెనుక అద్దముపై ఆ సంగతి తెలుపు చీటీ అంటించెడివారు. సగము పని చేయించి, సగము డబ్బు మిగుల్చుకొని, పని నిలువలేదని పాత ఇంజనును నిందించుట న్యాయము కాదు. అది మరమ్మతు కాదు, మరమ్మతుకు మాఱు పేరు పెట్టుకొన్న లోభము.

ఇక మార్చుడని చెప్పువారి పక్షమును విచారింతము. వారు చెప్పు మార్పులు మూడు తరగతులు.

మొదటిది, అదే జాతి ఇంజను "రీకండిషను" చేసినది తెచ్చి వేయుట. ఇందలి వింత చూడుడు. ఆ రీకండిషను ఇంజను ఎక్కడనుండి వచ్చినది? మీవంటివాడొకడు పోయినదని విడిచిన ఇంజనే అది. దానిని బోరు చేసి, రంగు వేసి, మీకు అమ్ముచున్నారు. మీ ఇంజనును తూకమునకు పుచ్చుకొని రేపు ఇంకొకనికి అట్లే అమ్ముదురు. అనగా మీరు తప్పించుకొంటిమనుకొన్న మరమ్మతు తప్పలేదు. మీ కన్నుల యెదుట మీ ఇంజనుకు జరుగవలసిన మరమ్మతు, మీరు చూడని చోట మీరెఱుగని ఇంజనుకు జరిగినది. దానిని ఎన్ని మాఱులు బోరు చేసిరో, క్రాంకు ఎంత సన్నబడినదో మీకు తెలియదు. ఇది లాభమా?

రెండవది, 1992 నుండి అంబాసిడరులకే కర్మాగారమున అమర్చిన 1817 ఘన సెంటీమీటర్ల ఇసుజు ఇంజనును, దాని అయిదు గేర్ల పెట్టెతో సహా పాత మార్కు రెండవ రకపు కారునకు ఎక్కించుట. మార్పులలో ఇది కొంత నయము. ఇంటివారిలో దత్తు తెచ్చుకొన్నట్లు. కాని సుమారు ఏబది గుఱ్ఱముల బలమునకు ఏర్పఱచిన పాత డ్రమ్ము బ్రేకులతో డెబ్బదియైదు గుఱ్ఱముల బలమును ఆపవలెను. బ్రేకులను మార్చినచో చక్రములు, చక్రములను మార్చినచో మఱొకటి – ఒక మార్పు పది మార్పులను పిలుచును.

మూడవది, జాతి వేఱు, కులము వేఱు అయిన ఇంజనును, ముఖ్యముగా డీసెలును, ఇరికించుట. ఇదియే మా ముఖ్య శత్రువు. డీసెలు చౌకగా నున్న కాలమున వేలకొలది పెట్రోలు కార్ల కడుపులు ఈ విధముగా చీల్చబడినవి. అంబాసిడరు ముందు భాగము బరువును మోయునవి టోర్షను కడ్డీలు. అవి పెట్రోలు ఇంజను బరువునకు లెక్కగట్టినవి. హెచ్చు బరువు పడినపుడు ముక్కు వ్రాలును, స్టీరింగు బరువెక్కును. డీసెలు అదురునకు తలుపుల అతుకులు వీడును. ఆ కారులో కూర్చున్నవానికి తాత కారు జ్ఞప్తికి వచ్చునా? చప్పుడు వినినవాడు అద్దె జీపు వచ్చినదని బయటికి చూచును.

ఏండ్ల తరబడి జమాఖర్చులు వ్రాసిన చేతులు మావి. కావున ఖర్చు మాట వదలము. ధరలు ఊరూరికిని మాఱును గనుక అంకెలు వేయము; పద్దుల పేర్లు మాత్రము చెప్పుదుము. బాగుచేయు పక్షమున పద్దులు: ఇంజను దింపి ఎక్కించు కూలి, బోరు, క్రాంకు సాన, పిస్టనులు, రింగులు, బేరింగులు, వాల్వు పని, గాస్కెట్లు. పిదప పద్దు మూసివేయవచ్చును. మార్చు పక్షమున మొదటి పద్దు ఇంజను ధర. మేస్త్రీ చెప్పునది ఆ ఒక్కటే. చెప్పని పద్దులు ఇవి: ఇంజను పట్టు బ్రాకెట్లు క్రొత్తగా వెల్డింగు చేయుట, గేరుపెట్టెతో జోడించుట, ప్రొపెల్లరు షాఫ్టు పొడవు సవరించుట, రేడియేటరు, సైలెన్సరు గొట్టము, వైరింగు, బ్రేకులు, ముందు కడ్డీలు, ఆపై కచేరీల చుట్టు తిరుగుట. ఈ రెండు పట్టీలను ఒక కాగితముమీద ప్రక్కప్రక్కన వ్రాయించుకొని పిదప మాటాడుడని మా సలహా. మార్పు చౌక యనువాడు రెండవ పట్టీని పూర్తిగా వ్రాయుటకు వెనుదీయును. బాగుచేయుటలో నిజముగా హెచ్చగు ఖర్చు ఒకటి కలదు, అది కాలము. విడిభాగమొకటి దొరకుటకు నెల పట్టవచ్చును. ఓపిక లేనివాడు ఆ మాట ఒప్పుకొనవలెను గాని, డబ్బుమీద నెట్టరాదు.

కచేరీ మాట వచ్చినది గనుక శాసనమును కూడ చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగమును అనుసరించి, తయారుచేసినవారు నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా నిలబెట్టినది. అదే రకపు ఇంజనును మార్చుకొనుటకు సయితము రిజిస్టరు చేయు అధికారి అనుమతి కావలెను. ఆర్.సి. పుస్తకమున నున్న ఇంజను నంబరు ఒకటి, బండిలో నున్నది వేఱొకటి అయినచో, పదునైదేండ్లు నిండిన బండిని మరల రిజిస్టరు చేయించుకొన పోయినపుడు ఏమి సమాధానము చెప్పుదురు? ప్రమాదము జరిగి బీమా సొమ్ము అడిగిన దినమున ఏమి చెప్పుదురు?

అంతకంటె గొప్ప సంగతి ఒకటి కలదు. 2021లో కేంద్ర ప్రభుత్వము వారు ఏబది యేండ్లు దాటిన బండ్లకు ప్రత్యేక నిబంధనలు చేసిరి. మొదటి రిజిస్ట్రేషను నుండి ఏబది సంవత్సరములు గడచి, అసలు రూపమున కాపాడబడి, ఛాసిస్సు గాని, పైతొడుగు గాని, ఇంజను గాని మార్పు చెందని బండి "వింటేజి" యనబడును. అట్టి బండి, ఇదివఱకే రిజిస్టరు అయినదైనచో, తన పాత నంబరును నిలుపుకొనవచ్చును. దినదిన ప్రయాణములకును కిరాయికిని అది పనికిరాదు. ప్రదర్శనలకు, ఊరేగింపులకు, అట్టి సందర్భములకు నడుపవచ్చును. 1970 ప్రాంతమున మన పెద్దలు కొన్న కార్లన్నియు ఇప్పుడు ఈ వయస్సు దాటినవే. మద్రాసు రాష్ట్రము, మైసూరు రాష్ట్రము అను పేర్లు పటమునుండి పోయినవి. ఆ దినములనాటి నంబరు పలక మాత్రము మీ కారుపై ఇంకను కలదు. డీసెలు ఇంజను వేసిననాడే ఈ గౌరవము చేజాఱును. ఇది మనస్సునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. శాసనము ఇచ్చు హక్కును మనచేతులార పోగొట్టుకొనుట.

ప్రతిపక్షులకు ఇంక మూడు వాదములు కలవు. నేటి పెట్రోలు పాత ఇంజనుకు పడదనునది మొదటిది. ఇందు కొంత నిజము కలదు. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్మకమగుచున్నది. సీసము లేనిచో పోత ఇనుప హెడ్డులో కోసిన వాల్వు పీటలు త్వరగా అరుగును. 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు చేరినది. అది పాత రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపులోని పొరను తినును. కాని ఈ రెండింటికిని మందు కలదు. హెడ్డు విప్పినపుడు గట్టి ఉక్కు పీటలు దిగగొట్టింపవలెను. గొట్టములను, పొరను ఇథనాలుకు తాళు రకమునకు మార్పింపవలెను. కారు నెలలకొలది నిలుచునదైనచో పెట్రోలును టాంకులో నిలువ యుంచరాదు. పంటికి పిప్పి పట్టినదని తల మార్చుకొనువారు లేరు గదా!

విడిభాగములు దొరకవనునది రెండవ వాదము. దొరకుచున్నవి, ఎన్నాళ్లు దొరకునో యనునదే సందేహము. చెన్నపట్నపు పుదుపేటలోను, కలకత్తా మల్లిక్ బజారులోను అడిగి వెదకువానికి నేడును లభించును. 2023 అక్టోబరు చివర ముంబాయి వీధులనుండి చివరి పద్మిని టాక్సీ నిష్క్రమించినది. ఆ బండ్లు పోవుచున్నపుడు వానిలోని మంచి భాగములను ఏరియుంచుకొనుటకు ఇదే తరుణము. పదేండ్లకు పిదప ఈ వాదము నిజము కావచ్చును. అందుచేతనే ఇంజనును ఇప్పుడే బాగుచేయింపుడని చెప్పుచున్నాము.

పనివాండ్రు లేరనునది మూడవ వాదము. ఈ మాట మాకు అన్నిటికంటె బాధ కలిగించును. పనివాడు ఎందుకు లేడు? మనము పని ఇయ్యకపోవుటచేత. బోరు గేజి పట్టి అంగుళములో వెయ్యవ వంతు తేడాను పోల్చగల ముసలి మేస్త్రీలు మన ఊళ్లలో ఇంకను కలరు. వారి కొమారులు ఆ పని మాని వేఱు కొలువులకు పోవుచున్నారు. తమ ఇంజను తీసి పాతయినుములో వేసినవాడే పనివాడు దొరకడని వాపోవుట, ఇంట తెలుగు మాటాడక పిల్లలకు తెలుగు రాదని వగచుట వంటిది.

మేము మొండిపట్టు పట్టువారము కాము. ఇంజను మార్చుట న్యాయమైన సమయములు కలవు. కనెక్టింగు రాడ్డు విఱిగి బ్లాకు గోడను చీల్చినచో, బ్లాకు పగులు అతుకుటకు వీలుకానిదైనచో, స్లీవు వేయుటకు సయితము గోడ దళసరి చాలనిచో, మార్పు తప్పదు. అప్పుడు అదే జాతి ఇంజనును వెదకి, విప్పించి, కొలిపించి, కచేరీలో అనుమతి పొంది, నంబరు వ్రాయించుకొనవలెను. అట్లే ఆ బండియే జీవనాధారమైన పేదవానిని అసలుతనము కాపాడుమని నిర్బంధించుట క్రూరము. అతనికి కావలసినది రేపటి కూలి. కాని మనలో ఇట్లు అడుగువారిలో ఎక్కువమంది అట్టివారు కారు. దినమును ఆఫీసునకు పోవుటకు చల్లని గాలితో, నమ్మకముతో నడచు బండి కావలెననుచున్నారు. తప్పు లేదు. ఆ డబ్బు పెట్టి చిన్న క్రొత్త బండి నొకదానిని కొనుడు. తాత కారును దానివలె చేయబోయినచో చివఱకు అది తాత కారును కాదు, క్రొత్త కారును కాదు.

రెండవ వైపున నున్నవారికిని ఒక మాట. కారుమీద టార్పాలిను కప్పి, "నాన్నగారి జ్ఞాపకము, ముట్టరాదు" అని పదేండ్లు నిలుపువారు కలరు. వారును ఇంజనును చంపుచున్నవారే. నడువని ఇంజనులో రింగులు బోరుకు తుప్పుపట్టి అంటుకొనును, గాస్కెట్లు ఎండును, ఎలుకలు వైరులు కొఱుకును. భక్తి యనునది కప్పి పెట్టుటలో లేదు. నెలకొకమాఱు తీసి, ఇంజను బాగుగ వేడెక్కువఱకు పది కిలోమీటర్లు నడుపుటలో కలదు.

చివరకు మేము కోరునది రెండు పనులు. మొదటిది మన సంఘములు చేయవలసినది. ఏ ఊర ఏ లేతు కార్ఖానాలో నమ్మకముగ పని జరుగునో, ఎవరి యింట ఏ విడిభాగము అదనముగ నున్నదో ఒక పట్టీ తయారుచేసి సభ్యులకు అందుబాటులో నుంచవలెను. బరంపురములో నొకని యింట మూల పడియున్న క్రాంకు బెంగుళూరులో నొకని కారును బ్రదికింపవచ్చును. పెండ్లి సంబంధములకు పట్టీ వేయగల సంఘములకు ఇది కష్టము కాదు.

రెండవది ప్రతి కుటుంబము చేయవలసినది. కారునకు ఒక పుస్తకము పెట్టుడు. ఇంజను నంబరు, ఇప్పుడున్న పిస్టను కొలత, క్రాంకు బేరింగు కొలత, పని జరిగిన తేదీ, నాటికి నడచిన కిలోమీటర్లు, పనివాని పేరు – ఇవన్నియు వ్రాయుడు. బోరు చేయుటకు కొన్ని మెట్లే కలవు. ఎన్ని వాడుకొంటిమో, ఎన్ని మిగిలినవో తరువాతివానికి తెలియవలెను. లేనిచో అతడును పొగను చూచి తీర్పు చెప్పుమేస్త్రీకే చిక్కును. ఆ పుస్తకమును మేస్త్రీకి చూపుటకు ఆ ఊరి భాషలో ఒక ప్రతియు, ఇంట నుంచుటకు తెలుగున ఒక ప్రతియు వ్రాయుడు. మీ మనుమడు రెండవదానిని చదువలేనివాడైనచో, కారు ఇంజనుకంటె ముందుగా బాగుచేయవలసినది మీ యింట మఱొకటి కలదని తెలిసికొనుడు.